ఒక లైను - మూడు టెలిఫోనులు

గోదావరీ తీరమున, దట్టమైన అడవుల నడుమ ఏటూరునాగారమను ఊరు కలదు. ఇది పూర్వము వరంగల్లు జిల్లాలో నుండెను. జిల్లాల విభజన జరిగిన పిమ్మట, 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలో చేరినది. వానకాలము వచ్చినచో ఈ సీమలో వాగులన్నియు పొంగును. 2023 జూలై నెలలో జంపన్నవాగు ఉప్పొంగి, ఈ మండలములోని కొండాయి గ్రామమును ముంచినప్పుడు పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి చోట వేళకు అందిన ఒక చిన్న వార్త ప్రాణమును నిలుపగలదు. కావున ఇంట టెలిఫోను గంట మ్రోగినప్పుడు దానిని ఎవరైనను వినగలుగుట ముఖ్యము.

ఈ ఊరిలో ఒక పెద్ద పెంకుటిల్లు ఉన్నదనుకొందము. టెలిఫోను ముందరి వసారాలో నున్నది. తల్లి వెనుక వంటయింటిలో నుండును. నడువలేని తాత పడమటి గదిలో మంచముపై నుండును. పెంకులపై వాన కురియుచుండగా వసారాలోని గంట వారిద్దరికిని వినబడదు. అట్లయినచో మూడు గదులకు మూడు లైనులు తీసికొనవలెనా? అక్కరలేదు. ఒకే లైనుకు మూడు టెలిఫోనులను కలుపవచ్చును. అదెట్లో తెలియవలెనన్నచో, మొదట టెలిఫోను పనిచేయు విధమును తెలిసికొనవలెను.

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందెను. ఆరేండ్లు గడువకమునుపే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజీలు తెరువబడెను. నాటినుండి యంత్రములు ఎన్నియో మారినవి. పాతరకపు లైనులో ఎక్స్చేంజి నుండి ఇంటికి వచ్చునది ఒక జత రాగితీగలు. ఈ రెండు తీగల నడుమ ఎక్స్చేంజిలోని బ్యాటరీలు సుమారు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తును నిలిపియుంచును. అందుచేతనే ఇంట దీపములు ఆరిపోయినను టెలిఫోను పలుకును.

రిసీవరు తన స్థానమున నున్నంతసేపు ఆ విద్యుత్తు ప్రవహింపదు, దారి మూసియుండును. ఎవరైన మనలను పిలిచినప్పుడు ఎక్స్చేంజి ఇంచుమించు 75 నుండి 90 వోల్టుల ఏకాంతర విద్యుత్తును పంపును. గంటకు ముందున్న కండెన్సరు ఏకముఖ విద్యుత్తును ఆపి, ఏకాంతర విద్యుత్తును మాత్రము పోనిచ్చును. అందుచే గంట మ్రోగును. మనము రిసీవరు ఎత్తగానే దారి తెరచుకొని ఏకముఖ విద్యుత్తు ప్రవహించును. దానిని గుర్తించి ఎక్స్చేంజి గంటను ఆపి, మాటను కలుపును.

ఇక మూడు టెలిఫోనులను కలుపు విధము చూతము. వానిని ఒకదాని వెనుక నొకటిగా, గొలుసువలె, శ్రేణిలో కలిపితిమనుకొందము. అప్పుడు తల్లి రిసీవరు ఎత్తినను ప్రయోజనముండదు. ఏలయన, తక్కిన రెండు టెలిఫోనులలోను దారి మూసియే యుండును. మూడు గదులలోను ముగ్గురు ఒక్కమారే రిసీవరు ఎత్తిననే గాని మాట సాగదు. కావున వానిని సమాంతరముగా కలుపవలెను. అనగా ప్రతి టెలిఫోను యొక్క రెండు కొసలును లైనులోని రెండు తీగలకు నేరుగా చేరవలెను. అప్పుడు గంటలు మూడును కలిసి మ్రోగును. ఎవరు ఎత్తినను మాట సాగును. వసారాలో అందుకొన్న పిలుపును తాతకు అందింపవలెనన్నచో, ఆయన తన రిసీవరు ఎత్తినపిదప వసారాలోనిది పెట్టివేసిన చాలును.

లైను ఇంటిలో ప్రవేశించుచోట ఒక చిన్న పెట్టెను అమర్చి, అచటినుండి ఒక్కొక్క గదికి వేరువేరు తీగల జతను తీసికొనిపోవుట మేలు. ఒక గదిలోని తీగ చెడినచో దానిని మాత్రము పెట్టెలో విడదీసిన చాలును, తక్కినవి పనిచేయును. ఈ తీగలను ఇంటి విద్యుత్తు తీగలతో కలిపి నడుపరాదు. పని ఆరంభించుటకు ముందు బయటి లైనును పెట్టెవద్ద విడదీయవలెను. చేతిలో వట్టి తీగ ఉండగా గంట విద్యుత్తు వచ్చినచో గట్టిగా జిల్లుమనును. ఉరుములు మెరుపులు ఉన్నవేళ ఈ పని చేయనేరాదు. పిల్లలు పెద్దల సాయము లేక దీనికి పూనుకొనరాదు.

ఈ పంపకమునకు ఒక హద్దు కలదు. ఎక్స్చేంజి పంపు గంట విద్యుత్తు పరిమితమైనది. టెలిఫోనులు మూడు నాలుగింటికి మించినచో గంటలు నీరసించును, లేదా మ్రోగకనే యుండును. ఇద్దరు ఒకేసారి రిసీవరులు ఎత్తినచో ప్రవాహము చీలిపోయి స్వరము సన్నగిలును. అంతేకాక, ఒకరి మాట మరియొకరికి వినబడును. పూర్వము అమెరికా పల్లెలలో అనేక కుటుంబములు ఒకే లైనును వాడుకొనెడివి. ఏ యింటికి పిలుపు వచ్చినదో గంట మ్రోగు తీరునుబట్టి తెలిసికొనెడివారు. ఇరుగుపొరుగువారి మాటలను చాటుగా వినుట అచట పెద్ద తగవు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము మరియొకటి. పడమటి గదిలో రిసీవరు సరిగా పెట్టబడక ప్రక్కకు ఒరిగినదనుకొందము. ఎక్స్చేంజికి ఆ లైనుపై ఎవరో మాటాడుచున్నట్లే తోచును. ఇక మూడు గంటలును మూగవోవును. బయటివారు వాగు పొంగినదని చెప్పుటకు ఎన్నిమారులు పిలిచినను ఫలముండదు. ఇంటిలోనివారు టెలిఫోనులు మూడున్నవన్న ధైర్యముతో నిద్రించుచుందురు!

నేడు పెక్కుచోట్ల రాగితీగలకు మారుగా గాజుతంతువులు వచ్చినవి. అప్పుడు ఎక్స్చేంజి చేయుచుండిన పనిని ఇంటిలో అమర్చిన చిన్న పెట్టె చేయును. దానికిని పలు టెలిఫోనులను సమాంతరముగా కలుపవచ్చును; కాని ముందుగా ఇంటిలోని తీగలను బయటి పాత లైనునుండి పూర్తిగా విడదీయవలెను. ఆ పెట్టెకు ఇంటి విద్యుత్తే ఆధారము. వానకు దీపములారినచో బ్యాటరీ లేని పెట్టె మూగవోవును. కావున వరద భయముగల ఊళ్లలో దానికొక బ్యాటరీ అమర్చుకొనుట వివేకము.

ఒకే లైనును పలువురు పంచుకొనుట తేలిక. దానిని కాపాడుకొనుట అందరి పని. మాట ముగిసినంతనే రిసీవరును స్థానమున ఉంచుట చిన్న అలవాటే. కాని ఒకనాటి రాత్రి ఆ యింటి ప్రాణములు ఆ అలవాటుపైననే ఆధారపడియుండవచ్చును.