ఒక్క లైను ప్యాచ్ కోసం సొంత కెర్నల్: ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చేసే ముందు ఇవి చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మన ఇళ్లలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు విండోస్ 11కి పనికిరావు. దానికి టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరందో ఆ పైదో కావాలి. అందుకని నాదెండ్ల నుంచి నరసరావుపేటకో, చిలకలూరిపేటకో కాలేజీకి పోయే పిల్లలు పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, పాత మెషీన్ మీద కూడా బాగానే నడుస్తుంది. ఒక్కోసారి మాత్రం బజార్లో కొన్న వైఫై డాంగిల్ దగ్గర ఆగిపోద్ది. అప్పుడు ఇంట్లో ఇలాంటి మాట వినపడుతుంది.

"అమ్మీ, వైఫై రావట్లేదు. కెర్నల్‌కి ప్యాచ్ వేసి కంపైల్ చెయ్యాలంట."

"కెర్నల్ ఏంది బేటా? ఉన్న ఒక్క ల్యాప్‌టాపూ పాడైద్దేమో చూసుకో. మీ అబ్బా కొట్టు లెక్కలన్నీ దాంట్లోనే ఉన్నాయి."

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ పని చెయ్యొచ్చు. డిగ్రీ చదివే పిల్ల గానీ పిల్లోడు గానీ ఒక రోజులో నేర్చుకోగలిగిన పనే. కానీ చేసిన రోజు నుంచి ఆ కెర్నల్ బాగోగులు కంపెనీవి కావు, మీ ఇంటివే. ఈ సంగతి కంపైల్ పాఠాల్లో చాలాసార్లు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ముందు కెర్నల్ సంగతి. కీబోర్డు, డిస్కు, వైఫై, మెమరీ లాంటి వస్తువులకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పని పంచే ప్రోగ్రామే కెర్నల్. లైనక్స్ కెర్నల్‌ని 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. ఇప్పుడు దాని కోడ్ దాదాపు 4 కోట్ల లైన్లు. అందులో పెద్ద భాగం డ్రైవర్లే, అంటే ఒక్కో వస్తువుతో ఎట్లా మాట్లాడాలో చెప్పే కోడ్. ఉబుంటు, డెబియన్, సీడాక్ వాళ్ల బాస్, హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ డెబియన్ మీద కట్టిన తెలుగు సిస్టం, వీటన్నిటి అడుగునా ఉండేది ఈ లైనక్స్ కెర్నలే.

ఇంకో అపోహ కూడా ఉంది. ఉర్దూ నస్తలీఖ్ సరిగా పడకపోయినా, తెలుగు ఒత్తులు విడిపోయినా కొందరు కెర్నల్ మార్చాలి అంటారు. అక్కర్లేదు. అక్షరాలను కూర్చేది కెర్నల్ కాదు, హార్ఫ్‌బజ్ అనే వేరే లైబ్రరీ. ఆ పేరు వింటే ఉర్దూ తెలిసినవాళ్లకు వెంటనే తడుతుంది: హర్ఫ్ అంటే అక్షరం. ఫార్సీలోని 'హర్ఫ్ బాజ్' నుంచి ఆ పేరు పెట్టారు. కాబట్టి అక్షరాలతో తంటా ఉంటే ఫాంటునూ ఆ లైబ్రరీనీ చూడండి, కెర్నల్ జోలికి పోవద్దు.

ప్యాచ్ అంటే ఏంటో తెలుగువాళ్లకు 2018లో బాగానే తెలిసొచ్చింది. ఆ ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరాన్ని ఒక తీరులో రాసి మెసేజ్ పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అప్పటిదాకా అందరూ ఎదురుచూడాల్సిందే, ఎందుకంటే కోడ్ ఆపిల్ దగ్గరే ఉంది. లైనక్స్ కోడ్ అందరికీ బాహాటంగా దొరుకుతుంది కాబట్టి ఎదురుచూడకుండా మనమే ప్యాచ్ వేసుకోవచ్చు. తేడా అంతా ఇక్కడే ఉంది.

లైనక్స్ ప్యాచ్ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. తీసెయ్యాల్సిన లైన్ ముందు మైనస్ గుర్తు, చేర్చాల్సిన లైన్ ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. చోటు గుర్తుపట్టడానికి పైనా కిందా మూడేసి పాత లైన్లు. మన వైఫై డాంగిల్‌కి కావాల్సిన ప్యాచ్ తరచుగా ఒక్క లైనే. ప్రతి యూఎస్‌బీ వస్తువుకూ తయారీదారు నంబరు ఒకటి, వస్తువు నంబరు ఒకటి ఉంటాయి. డ్రైవర్ దగ్గర ఆ నంబర్ల జాబితా ఉంటుంది. పెళ్లి విందు గుమ్మం దగ్గర పేర్ల లిస్టు పట్టుకుని నిలబడ్డ మనిషి లాంటిది ఇది. లోపల భోజనం ఉంది, మీరూ తెలిసినవాళ్లే, కానీ లిస్టులో పేరు లేదు. ఆ పేరు చేర్చడమే ప్యాచ్.

కంపైల్ కన్నా ముందు

ఇక్కడ తొందర పడొద్దు. కంపైల్ లేకుండానే పని అయ్యే దారులు మూడున్నాయి. ఒకటి, మీ డిస్ట్రో వాళ్లే ఇచ్చే కొత్త కెర్నల్. ఉబుంటులో హెచ్‌డబ్ల్యూఈ అనీ, డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ అనీ ఉంటాయి. మీ డాంగిల్ నంబరు అందులో ఈపాటికే చేరి ఉండొచ్చు. రెండు, నడుస్తున్న డ్రైవర్‌కే 'న్యూ ఐడీ' అనే ఫైలు ద్వారా నంబరు చెప్పడం. కొన్ని డ్రైవర్లకు ఇది సరిపోద్ది, కొన్నిటికి సరిపోదు. మూడు, ఒక్క డ్రైవర్‌ని మాత్రం విడిగా కట్టే డీకేఎంఎస్ పద్ధతి. వైఫై లేనప్పుడు ఇవి దించుకోవడం ఎట్లా అంటారా? ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెట్టుకోండి.

ఈ మూడూ కుదరకపోతేనే సొంత కెర్నల్. దానికి దిగే ముందు అబ్బా కొట్టు లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఇది లాంఛనానికి చెప్పేది కాదు, ఇది అయ్యేదాకా మిగతాది మొదలుపెట్టొద్దు.

కోడ్ ఎక్కడి నుంచి తెస్తారన్నది కూడా ముఖ్యం. కెర్నల్ డాట్ ఓఆర్‌జీ నుంచే తేవాలి. 6.12 లాంటి దీర్ఘకాలిక శాఖ తీసుకుంటే నయం, దానికి సంవత్సరాల తరబడి దిద్దుబాట్లు వస్తుంటాయి. కుదించిన ఫైలు సుమారు 150 ఎంబీ, మొబైల్ డేటాతోనే అయిపోద్ది. గిట్‌తో మొత్తం చరిత్ర దించుకోబోతే మాత్రం జీబీలు లాగేస్తుంది. ఫైలుతో పాటు సంతకం ఫైలు కూడా ఉంటుంది, సరిచూసుకోండి. ఆ సంతకం కుదించిన ఫైలు మీద కాదు, విప్పిన టార్ ఫైలు మీద ఉంటుంది. ఇది తెలియక సంతకం తప్పని కంగారుపడతారు.

ప్యాచ్ విషయంలో అంతకన్నా జాగ్రత్త. కెర్నల్‌లో పడే ప్రతి లైనుకూ మెషీన్ మీద పూర్తి అధికారం ఉంటుంది. పాస్‌వర్డ్ అయినా, బ్యాంకు పేజీ అయినా దాని చేతిలో ఉన్నట్టే. ఎవరో టెలిగ్రామ్ గ్రూపులో పెట్టిన 3 వేల లైన్ల 'స్పీడ్ ప్యాచ్' వెయ్యొద్దు. ఒక్క లైనైతే మీరే చదివి అర్థం చేసుకోగలరు. చదవలేని ప్యాచ్ ఇంటి మెషీన్ మీదకు రాకూడదు, అంతే.

కంపైల్ చేసే రోజు

ఇక్కడ కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

కోడ్ విప్పిన ఫోల్డర్‌లోకి వెళ్లి 'ప్యాచ్' కమాండ్‌ని 'పీ1', 'డ్రై రన్' ఆప్షన్లతో ముందు ఉత్తినే నడిపి చూడండి. అది ఏ ఫైలునూ ముట్టుకోకుండా ప్యాచ్ అతుకుతుందో లేదో చెప్తుంది. కుదిరితే డ్రై రన్ తీసేసి మళ్లీ నడపండి. 'ఆఫ్‌సెట్' అంటే చోటు కొంచెం జరిగింది, పర్లేదు. 'ఫజ్' అంటే చుట్టుపక్కల లైన్లు పూర్తిగా కలవలేదు, ఫైలు తెరిచి కళ్లతో చూడాలి. 'రిజెక్ట్' అని వస్తే ఆ ప్యాచ్ ఈ వెర్షన్‌కి రాసింది కాదు.

తర్వాత కాన్ఫిగ్, అంటే ఏమేం కట్టాలో చెప్పే పట్టిక. డిస్ట్రో వాళ్లు ప్రపంచంలోని ప్రతి మెషీన్‌కీ సరిపోవాలని వేలకొద్దీ డ్రైవర్లు పెడతారు. అదంతా కడితే పాత ఐ3 ల్యాప్‌టాప్‌కి గంటలు గంటలు పడుతుంది. 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అంటే ఆ క్షణాన మెషీన్‌లో వాడుకలో ఉన్న డ్రైవర్లు మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. పని బాగా తగ్గుతుంది. కానీ దీంట్లో ఒక గొయ్యి ఉంది. ఆ క్షణాన ప్రింటర్ పెట్టి లేకపోతే ప్రింటర్ డ్రైవర్ పోయినట్టే. కాబట్టి ముందే ప్రింటర్, పెన్‌డ్రైవ్, హెడ్‌సెట్, వెబ్‌క్యామ్ అన్నీ పెట్టి ఒక్కసారి వాడండి. మన డాంగిల్ డ్రైవర్ ఇంకా పనిచెయ్యట్లేదు కాబట్టి అది ఆ లిస్టులో ఉండదు, దాన్ని 'మేక్ మెనూకాన్ఫిగ్'లో చేత్తో ఎంచుకోవాలి. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టామో వాళ్లనే మర్చిపోకూడదు కదా.

ఉబుంటు కాన్ఫిగ్‌తో మొదలుపెట్టినవాళ్లకు కొద్దిసేపట్లోనే కెనానికల్ సర్టిఫికెట్ ఫైలు లేదని ఎర్రర్ వచ్చి ఆగిపోద్ది. అది మీ తప్పు కాదు, ఆ ఫైలు ఉబుంటు వాళ్ల సొంత కోడ్‌లో మాత్రమే ఉంటుంది. 'సిస్టం ట్రస్టెడ్ కీస్', 'సిస్టం రివొకేషన్ కీస్' అనే రెండు చోట్లా ఖాళీ చేస్తే ముందుకు పోతుంది. అక్కడే 'లోకల్ వెర్షన్'లో ఒక పేరు పెట్టుకోండి, నాదెండ్ల అనే పెట్టుకోండి. రేపు 'యూనేమ్' కమాండ్‌ని 'ఆర్' ఆప్షన్‌తో అడిగితే నడుస్తున్నది ఏ కెర్నలో మీకు తెలుస్తుంది.

ఇక కట్టడం. 'మేక్ బిన్‌డెబ్ పీకేజీ' అంటే ఉబుంటు, డెబియన్‌లకు సరిపోయే ప్యాకేజీలుగా వస్తుంది, తీసెయ్యాలన్నా సులువు. మెమరీ 4 జీబీయే ఉంటే ఒకేసారి రెండు పనులకన్నా ఎక్కువ పెట్టొద్దు. డిస్కులో 20 జీబీ ఖాళీ ఉంచండి, కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం ఆపేస్తే ఇంకా తక్కువ పడుతుంది. కరెంటు పోయి మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, అదే కమాండ్ ఇస్తే అప్పటిదాకా కట్టినవి వదిలేసి మిగతావి కడుతుంది. పల్నాడు ఎండల్లో మధ్యాహ్నం మాత్రం పెట్టొద్దు. దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో గంటసేపు పూర్తి లోడు మీద నడిస్తే పాత ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోద్ది. ఫజర్ తర్వాత చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టుకోండి.

అమ్మీ అడిగిన దానికి జవాబు ఇక్కడుంది. ఇప్పటిదాకా చేసిన దాంతో ల్యాప్‌టాప్ నడిచే తీరు ఏమీ మారలేదు, ఒక ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు తయారయ్యాయి అంతే. ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసినప్పుడే మార్పు. అప్పుడు కూడా పాత కెర్నల్ ఎక్కడికీ పోదు. ఆన్ చేసినప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో రెండూ ఉంటాయి. కొత్తది నల్ల స్క్రీన్ చూపిస్తే మళ్లీ ఆన్ చేసి 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాతది ఎంచుకోండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాత్రం కంపెనీ సంతకం లేని మీ కెర్నల్ లేవదు. సొంత కీ నమోదు చేసుకోవాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపాలి. ఆపితే ఒక తాళం తీసినట్టే, అది తెలిసి చెయ్యండి.

ఆ తర్వాతి నెలలు

వైఫై వచ్చింది, అందరూ సంతోషం. ఇక్కడితో చాలామంది దాన్ని మర్చిపోతారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

డిస్ట్రో ఇచ్చిన కెర్నల్‌కి అప్‌డేట్లు వాటంతట అవి వస్తాయి. మీరు కట్టినదానికి రావు. 2022 మార్చిలో 'డర్టీ పైప్' అనే లోపం బయటపడింది. 5.8 నుంచి వచ్చిన కెర్నళ్లలో మామూలు యూజర్ కూడా తనకు అనుమతి లేని ఫైళ్లను మార్చి మెషీన్‌ని చేతిలోకి తీసుకోగలిగేవాడు. 5.15 శాఖలో దాన్ని 5.15.25లో సరిచేశారు. మామూలు ఉబుంటు వాడేవాళ్లకు అప్‌డేట్ వచ్చి అది సర్దుకుంది. ఎవరైనా సొంతంగా 5.15.20 కట్టుకుని వదిలేసి ఉంటే ఆ మెషీన్ ఇప్పటికీ బార్లా తెరిచే ఉంది. స్క్రీన్ మీద 'అప్‌డేట్లు అన్నీ అయ్యాయి' అనే వస్తుంది, ఎందుకంటే మీ కెర్నల్ సంగతి దానికి తెలియదు.

కాబట్టి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా తెచ్చి, ప్యాచ్ వేసి, మళ్లీ కట్టాలి. దీర్ఘకాలిక శాఖల్లో కూడా తరచుగా, కొన్నిసార్లు వారానికొకటి వస్తుంటాయి. ప్రతిదీ కట్టకపోయినా నెలకొకసారైనా కూర్చోవాలి. ఈ బరువు పెద్దవాళ్లకే తప్పలేదు. ఆస్ట్రేలియాలో మత్తుమందు డాక్టరు కాన్ కొలివాస్ డెస్క్‌టాప్ చురుగ్గా ఉండాలని 'సీకే' ప్యాచ్‌లు ఏళ్ల తరబడి మోసి, 2021లో ఇక చాలని ఆపేశారు. సమయానికి ఖచ్చితంగా స్పందించే రియల్‌టైమ్ ప్యాచ్‌లు దాదాపు 20 ఏళ్లు బయటే ఉండి, 2024లో 6.12తో అసలు కెర్నల్‌లో కలిశాయి. అన్నేళ్లూ ప్రతి కొత్త వెర్షన్‌కీ వాటిని ఎవరో ఒకరు మళ్లీ అతికించాల్సి వచ్చింది.

ఫోన్ల మీద ఇదే ప్రయోగం చేసే కుర్రాళ్లకు ఒక మాట. ఆండ్రాయిడ్ అడుగున కూడా లైనక్స్ కెర్నలే ఉంది. కానీ బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోద్ది, తర్వాత బ్యాంకు యాప్‌లు మొరాయించొచ్చు. గల్ఫ్ నుంచి భాయ్ పంపే డబ్బు చూసుకునే ఫోన్ మీద ఇవి వద్దు.

ఒక్క లైను ప్యాచ్‌ని జీవితాంతం మొయ్యకుండా ఉండే దారి ఒకటుంది: దాన్ని అసలు కెర్నల్‌కే పంపడం. అక్కడ చేరితే తర్వాతి వెర్షన్లలో మీ డాంగిల్ అందరికీ పనిచేస్తుంది, మీరు మళ్లీ డిస్ట్రో కెర్నల్‌కి వెళ్లిపోవచ్చు. పైగా పంపినవాళ్ల పేరు కెర్నల్ చరిత్రలో నిలిచిపోద్ది. ఇంజినీరింగ్ చదివే అమ్మాయికో అబ్బాయికో ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. కోడ్‌తో పాటు వచ్చే 'చెక్‌ప్యాచ్' స్క్రిప్టు తప్పులు చూపిస్తుంది, 'గెట్ మెయింటెయినర్' స్క్రిప్టు ఎవరికి పంపాలో చెప్తుంది. కోడ్ పంపే హక్కు మీకుందని చెప్పే 'సైన్డ్ ఆఫ్ బై' లైను కింద మీ పేరు, ఈమెయిల్ రాయాలి. ప్యాచ్‌ని అటాచ్‌మెంట్‌గా కాకుండా మెయిల్ లోపలే సాదా టెక్స్ట్‌గా పెట్టాలి. జీమెయిల్ వెబ్ పేజీలో అతికిస్తే ట్యాబ్‌లు ఖాళీలుగా మారి ప్యాచ్ చెడిపోద్ది, కాబట్టి 'గిట్ సెండ్ ఈమెయిల్' వాడండి. మొదటిసారి పంపేవాళ్ల కోసం లైనక్స్ ఫౌండేషన్ దగ్గర ఉచిత కోర్సు కూడా ఉంది, ఇంగ్లిష్‌లో. జవాబు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, ఏదో మార్చమని తిరిగి పంపొచ్చు. మార్చి, రెండో వెర్షన్ అని రాసి మళ్లీ పంపండి.