మందు లేని రోజుల్లో ఒక డాక్టరమ్మ

విద్యార్థులారా, మీ అట్లాసు తెరిచి మద్రాసు రేవు మీద వేలు పెట్టండి. మన నెల్లూరు తీరం వెంట దక్షిణంగా వెళితే వచ్చేది అదే. అక్కణ్ణించి హిందూ మహాసముద్రం మీదుగా నైరుతి దిక్కుకు వేలు జరుపుకుంటూ పోండి. ఆఫ్రికా ఖండం చివర డర్బన్ అనే రేవు తగులుతుంది. 1860లో 'ట్రూరో' అనే ఓడ 342 మందిని ఎక్కించుకుని ఈ దారినే వెళ్ళి, నవంబరు 16న అక్కడికి చేరింది. చెరకుతోటల్లో పని చేయడానికి ఒప్పందం మీద తీసుకువెళ్ళిన కూలీలు వాళ్ళు. 1911 దాకా అలా నేటాల్ రాష్ట్రానికి వెళ్ళినవారు 1,52,000 మందికి పైగానే. వారిలో తమిళులు, తెలుగువారు చాలామంది. నాయుడు, రెడ్డి అనే పేర్లు నేటికీ అక్కడ వినిపిస్తాయి.

ఆ డర్బన్‌లోనే 1906లో కేశవేలు గుణరత్నం నాయుడు అనే అమ్మాయి పుట్టింది. తమిళ సంప్రదాయపు కుటుంబం. పెద్దయ్యాక లోకం ఆమెను 'డాక్టర్ గుణం' అని పిలిచింది. మందు వేసుకుంటే గుణం కనిపించిందని మనం అంటాం కదా! డాక్టరుకు ఇంతకంటే మంచి పేరు దొరుకుతుందా?

ఆడపిల్లకు నాలుగు అక్షరాలు వస్తే చాలనుకునే ఆ కాలంలో, 1928లో ఆమె ఓడెక్కి స్కాట్లండులోని ఎడింబరో వెళ్ళారు. ఆ ఊరికీ ఒక కథ ఉంది. 1870లో అక్కడ వైద్యం చదువుతున్న కొద్దిమంది స్త్రీలు పరీక్షకు వెళుతుంటే మగ విద్యార్థులు దారికి అడ్డం నిలిచి బురద విసిరారు. స్త్రీలకు ఆ విశ్వవిద్యాలయం పట్టాలివ్వడం ఆ తర్వాత చాలా ఏళ్ళకు గాని మొదలు కాలేదు. డాక్టర్ గుణం వెళ్ళేనాటికి బురద లేదు. 1936లో డాక్టరై ఇంటికి తిరిగివచ్చారు. దక్షిణాఫ్రికా భారతీయులలో ఆమే తొలి మహిళా డాక్టరు.

ఆసుపత్రిలో ఉద్యోగం అడిగితే ఏమైందో తెలుసా? తెల్ల నర్సులు తెల్లవారు కాని డాక్టరు చెప్పినట్టు వినరని తిప్పి పంపారు! ఆమె సొంతంగా వైద్యశాల పెట్టుకున్నారు. మగ డాక్టరు చేయి చూడటానికి కూడా ఒప్పుకోని తల్లులు ఆమె దగ్గరికి వచ్చారు. కాన్పులకు ఆమే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళారు.

కాన్పుల డాక్టరు ఇంట్లో కూర్చునేది వరండాలో కాదు, లోపలి గదిలో. ఆ గదికి కిటికీ ఉందా, అందులో ఎందరు పడుకుంటున్నారు, ఇంటి ఇల్లాలు ఏం తింటున్నది అన్నీ ఆమె కంటపడతాయి. మన గుంటూరులో అదే 1906లో పుట్టిన కొమర్రాజు అచ్చమాంబ గారిది కూడా ఇదే దారి. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన లక్ష్మణరావు గారి కుమార్తె ఆమె. విజయవాడలో వైద్యం చేస్తూ రాజకీయాల్లోకి వెళ్ళి, 1957లో అక్కణ్ణించే లోక్‌సభకు ఎన్నికయ్యారు.

డాక్టరుకు రాజకీయాలెందుకని మీరు అడగవచ్చు. క్షయనే తీసుకోండి. దాని సూక్ష్మజీవిని రాబర్ట్ కోక్ 1882లోనే కనిపెట్టాడు. రోగి దగ్గినప్పుడు వెలువడే అతి చిన్న తుంపరలు గాలిలో గంటల తరబడి తేలుతుంటాయి. గాలి ఆడే గదిలో అవి పలచబడి బయటికి పోతాయి. కిటికీ లేని గదిలో పదిమంది పడుకుంటే ఒకరి ఊపిరి మరొకరి ఊపిరితిత్తుల్లోకి పోవలసిందే. ఈ క్రిమిని చంపే తొలి మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. మరి 1936లో డాక్టరు చీటీ మీద ఏమి రాయాలి? మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఈ మూడూ మందుల షాపులో దొరకవు.

1946లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. నేటాల్‌లో భారతీయులు తమకు కేటాయించిన చోట్లలో తప్ప మరెక్కడా ప్రత్యేక అనుమతి లేకుండా స్థలం కొనరాదు, కాపురం ఉండరాదు. డాక్టరు రాసిన మంచి గాలికి చట్టమే అడ్డం వచ్చిందన్నమాట! జూన్ 13న డర్బన్‌లో గేల్ వీధి, అంబిలో రోడ్డు కలిసే చోట ఖాళీ స్థలంలో భారతీయులు గుడారాలు వేసి కూర్చున్నారు. రాత్రివేళ తెల్ల యువకులు వచ్చి గుడారాలు పీకి, కొట్టారు. వీళ్ళు చేయి ఎత్తలేదు. ఆ సత్యాగ్రహంలో దాదాపు 2,000 మంది జైలుకు వెళ్ళారు. నాయకులైన నాయకర్, దాదూ ఇద్దరూ ఎడింబరోలో చదివిన డాక్టర్లే! వారితోపాటు డాక్టర్ గుణం కూడా జైలుకు వెళ్ళారు, ఒకసారి కాదు, పలుమార్లు. నేటాల్ ఇండియన్ కాంగ్రెస్‌కు ఉపాధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది డిసెంబరులో మన దేశం ఈ అన్యాయాన్ని ఐక్యరాజ్యసమితి ముందుంచి నెగ్గింది.

అయినా ప్రభుత్వం దిగిరాలేదు. 1950లో అంతకంటే కఠినమైన చట్టం వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళనే రంగును బట్టి విడదీశారు. 1970ల చివర ఆమె దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. తిరిగివచ్చింది 1990లో. మరుసటి ఏడాది తన జీవితకథను పుస్తకంగా ప్రచురించారు. తెల్లవారు అక్కడ ప్రతి భారతీయుణ్ణీ 'కూలీ' అనేవారు. గాంధీగారిని 'కూలీ బారిస్టరు' అన్నారు. ఆమె దాన్నే పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు: 'కూలీ డాక్టర్'.

1994 ఏప్రిల్‌లో ఆ దేశంలో అన్ని రంగులవారూ ఒకే వరుసలో నిలబడి తొలిసారి ఓటు వేసినప్పుడు ఆమె వయస్సు దాదాపు 88 ఏళ్ళు. డర్బన్‌లో ఒకప్పుడు ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డు పేరు పెట్టిన వీధి ఒకటుంది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ గుణం వీధి.