పటం చట్రానికి మూల కుదరాలంటే

హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతోంది. ఆ వృత్తిలోని ఒక మెలకువను ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

మన ఇళ్ళలో ఆయతుల పటానికి కట్టే చట్రంలో ఎనిమిది కొనలను 45 డిగ్రీలకు కోయాలి. ఒక్కో కొన ఒకే వైపు అర డిగ్రీ తప్పినా చివరి మూలలో 4 డిగ్రీల సందు తేలుతుంది. రంపంతోనే అంతటి కచ్చితత్వం రావడం అరుదు. చదునైన పలకపై 45 డిగ్రీల వాలులో అడ్డుబద్దను బిగించి, చెక్కను దానికి ఆనించి, కొనను వెంట్రుకవాసి ముందుకు జరిపి, చిత్రికను పక్కకు పడుకోబెట్టి తోయాలి. చిత్రికలోని ఉలికి పదును లేకుంటే కొన నలుగుతుందే గాని తెగదు.

పచ్చిచెక్కకైతే ఈ శ్రమంతా వృథాయే. కర్నూలు, కడప ఎండలకు అది వెడల్పులో కుంచించుకుపోతుంది. పొడవులో దాదాపు మారదు. అందువల్ల ఎంత చక్కగా అతికిన మూలైనా లోపలివైపు విచ్చుకుంటుంది. పటం కట్టించేవారు ధర కంటే ముందు, చెక్క ఎన్నాళ్ళు ఆరిందో అడగడం మేలు.