ఆరేళ్ళు ఆగిపోయిన హెచ్‌ఎంటీ 2511ని ఎలా నడిపించాం

నాయన పోయినప్పటి నుంచి మా హెచ్‌ఎంటీ 2511 ట్రాక్టర్ ఆరేళ్ళుగా కొట్టంలోనే ఉంది. మల్చింగ్‌కి కంది కట్టె ముక్కలు చెయ్యాలన్నా, నూర్పిడి చెయ్యాలన్నా కిరాయి బండి కోసం ఎదురుచూపే. అది మళ్ళీ ఎలా నడిచిందో వీడియోలో చూపించాను, ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది 25 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల బండి. హర్యానాలోని పింజోర్‌లో తయారయ్యేది. ఆ ట్రాక్టర్ విభాగాన్ని మూసెయ్యాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. "ఇంజన్ పట్టేసింది, సామాన్లు దొరకవు, తుక్కుకి ఇచ్చెయ్" అన్నరు ఊళ్ళో. తుక్కు కొనేటాయన ఆదివారం వస్తానన్నడు కూడా.

మా చేను భువనగిరి దగ్గర, నేనుండేది చిలకలగూడలో. మా గల్లీలో డీజిల్ ఇంజన్లు బాగుచేసిన పెద్దాయన ఒకరున్నరు, చాచా అంటం. ఆయన్ని అడిగితే, "అప్పుడే ఇంజన్ దించకు బేటా. గాలి, డీజిల్, కంప్రెషన్... ముందు ఈ మూడు చూడు" అన్నడు.

మొదట ఇంజెక్టర్లు తీసి, సిలిండర్లలో కొంచెం డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి రెండు రోజులు వదిలేశాం. తర్వాత ముందున్న క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి మెల్లగా అటూ ఇటూ తిప్పాం. మూడోసారికి కదిలింది. పట్టేసిన ఇంజన్‌ని గేర్‌లో వేసి ఇంకో బండితో లాగొద్దు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

ట్యాంక్‌లో అడుగున నీళ్ళు, తుప్పు, జిగట. అంతా కడిగి, ఫిల్టర్లు మార్చాం. ఇంజెక్టర్లు రాణీగంజ్ తీసుకుపోయి టెస్ట్ చేయించాను. డీజిల్ మంచులా పడాలి, చుక్కలుగా కారకూడదు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి అడ్డం పెట్టొద్దు.

ఇక ఎయిర్ తియ్యడం. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గర, చివర ఇంజెక్టర్ నట్ల దగ్గర. ఎయిర్ ఫిల్టర్ గిన్నెలో, ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోశాం. ఇంజన్ అదుపు తప్పితే గాలి దారి మూయడానికి ఒక చెక్క పలక దగ్గర పెట్టుకున్నాం.

శనివారం సాయంత్రం, నాలుగో ప్రయత్నానికి తెల్లపొగ కక్కి అందుకుంది. అమ్మ పరుగున వచ్చి, "మీ నాయనైతే ముందు ఆయిల్ గేజ్ చూసేటోడు" అన్నది. చూశాను. ముల్లు లేచింది.

ఆదివారం తుక్కాయన ఉత్తచేతులతో పోయిండు.

తీసిన పాత ఆయిల్‌ని గట్టున పొయ్యలేదు, క్యాన్‌లో పట్టి రీసైక్లింగ్‌కి పెట్టాను. మన నేల కోసం ఇంత కష్టపడి, అందులోనే విషం పోస్తే ఎట్లా? తడి చేనులోకి బండిని దించను, నేల గట్టిపడుతది. అది గట్టు మీదే ఉండి కట్టె ముక్కలు చేస్తే చాలు.

పూర్తి వీడియో కింద ఉంది, చూడండి.