గుండెకు పంపు పెడితే పేగుల్లో రక్తం ఎందుకు కారుతుంది?

మందులకు లొంగనంతగా గుండె బలహీనపడ్డ కొందరికి ఛాతీలో ఎల్వ్యాడ్ అనే చిన్న పంపు అమరుస్తారు. అది ఎడమ జఠరికలోని రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి నెడుతుంది. ప్రాణం నిలుస్తుంది. కానీ కొన్నాళ్లకు మలం నల్లగా, తారులా రావచ్చు. పంపు ఛాతీలో ఉంటే రక్తం పేగుల్లో కారడమేమిటి?

మన రక్తంలో వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీన్ ఉంటుంది. గాయమైనచోట ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి అదే ఆధారం. పంపులో నిమిషానికి వేలసార్లు తిరిగే చక్రం ఒరిపిడికి అది సాగి, ముక్కలైపోతుంది. ముక్కలకు ఆ పట్టు ఉండదు. పైగా ఈ పంపు రక్తాన్ని దాదాపు ఎడతెగని ధారగా పంపుతుంది, చాలామందికి నాడి కూడా సరిగా అందదు. పేగుల గోడల్లో సులువుగా చిట్లే వంకర రక్తనాళాలు పుట్టడానికి ఈ రెండూ దోహదం చేస్తాయని భావిస్తున్నారు. వీటికి తోడు, పంపులో గడ్డ కట్టకుండా వార్ఫరిన్ వాడక తప్పదు.

రక్తస్రావం కనబడగానే హీమోగ్లోబిన్ చూసి, ఎండోస్కోపీతో కారేచోటును వెతికి మూసేస్తారు. అవసరమైతే వార్ఫరిన్‌ను కొన్నాళ్లు ఆపుతారు. ఆ నిర్ణయం డాక్టరుదే. భయపడి ఇంట్లోవాళ్లే మాత్ర మానేస్తే పంపులో గడ్డ కట్టవచ్చు, పక్షవాతం రావచ్చు. వార్ఫరిన్ మోతాదు సరిపోయిందో లేదో చెప్పే రక్తపరీక్ష అంకె, ఐఎన్ఆర్, సాధారణంగా 2, 3 మధ్య ఉండాలి. ఆకుకూరలు మానక్కర్లేదు. వారమంతా ముట్టక ఒకరోజు కడుపునిండా గోంగూర, పాలకూర తింటేనే ఆ లెక్క తప్పుతుంది.

ఒకప్పుడు వార్ఫరిన్‌తోపాటు ఆస్పిరిన్ కూడా తప్పనిసరి అనేవారు. హార్ట్‌మేట్ 3 పంపు పెట్టిన 600 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఆస్పిరిన్ లేనివారిలో రక్తస్రావాలు 34 శాతం తగ్గాయి, గడ్డలు పెరగలేదు. ఈ చికిత్సలో ఇటీవల వచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటని నా నమ్మకం. అయితే ఇది ఆ పంపుకే వర్తిస్తుంది.

పంపుకు కరెంటు అందించేందుకు పొట్ట గోడలోంచి బయటికొచ్చే తీగ దగ్గర ఇన్ఫెక్షన్ మరో బెడద. తీగ కదలకుండా కట్టి, శుభ్రంగా డ్రెస్సింగ్ మార్చాలి. చెరువుల్లో, కొలనుల్లో దిగకూడదు. నాడి సరిగా అందక మామూలు బీపీ మిషన్ తరచూ సరైన అంకె చూపదు కాబట్టి డాప్లర్‌తో కొలిపించుకోవాలి. బీపీ పెరిగితే మెదడులో రక్తస్రావం ప్రమాదముంది.

ఒళ్లు నొప్పులకని ఊళ్లో డైక్లోఫెనాక్ సూది మాత్రం వేయించుకోకండి. అది రక్తస్రావాన్ని పెంచుతుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు పంపు సంగతి చెప్పండి, పంపు పెట్టిన ఆసుపత్రికి ఫోన్ చేయించండి.