కుర్చీ మీద బట్టల గుట్ట

ఒక్కపూట కట్టిన చీర ఉతుక్కి వెయ్యబుద్ధి కాదు, బీరువాలో పెట్టబుద్ధీ కాదు. చివరికి పడగ్గదిలో కుర్చీ ఎక్కుతుంది! ఆళ్లగడ్డలో మా అవ్వ ఇంట్లో ఇలాంటి బట్టలకు చిలక్కొయ్యలుండేవి. నంద్యాలలో మా బాడుగింట్లో గోడకు మేకు కొట్టకూడదు. అందుకే వడ్రంగి చేత కొయ్యలున్న నిలువు స్టాండు చేయించుకున్నాను. చూసిన పక్కింటక్క తనకూ ఒకటి కావాలంది. అలా మొదలైంది వ్యాపారం.

ఆళ్లగడ్డకు పంపిన మొదటి నాలుగూ అమ్ముడుపోయాయి గానీ, చేతిలో మిగిలింది సున్న! చెక్క, కూలి, పాలిష్ ఖర్చు ధరలో వేశాను. సుమారు 40 కిలోమీటర్ల ఆటో బాడుగ, నా శ్రమ మరిచాను. ఇప్పుడు అవీ కలిపే ధర చెబుతున్నాను.

పెట్టుబడి కావాలంటే, 2015లో వచ్చిన ముద్ర పథకం 'శిశు' విభాగంలో 50 వేల రూపాయల దాకా తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు దొరుకుతుంది. అయితే అప్పుకు వెళ్లేముందు మీ శ్రమకు ఖరీదు కట్టుకోండి. మనం కట్టకపోతే ఇంకెవరూ కట్టరు!