పది మిల్లీమీటర్ల గీత

ఐదో నెల టిఫా స్కాన్ రిపోర్టులో "లాటరల్ వెంట్రికల్ 10.8 మి.మీ." అని కనబడిందంటే ఆ పూట ఆ ఇంట్లో అన్నం సయించదు. రాత్రంతా ఫోనులో వెతుకుతారు. తెల్లారేసరికి "బిడ్డ తలలో నీరు చేరిందట" అన్న మాట చుట్టాలందరికీ చేరిపోతుంది. ఆ అంకె అసలు ఏం చెబుతోందో నిదానంగా చూద్దాం.

మెదడు లోపల గదులు ఉంటాయి. కోరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల కుచ్చు నుంచి ఊరే తేట ద్రవం ఆ గదుల గుండా పారి, మెదడు చుట్టూ చేరి, చివరికి రక్తంలో కలుస్తుంది. స్కాన్ చేసే డాక్టరు తెర మీద పక్కగది (అదే లాటరల్ వెంట్రికల్) వెనుక భాగంలో ఈ గోడ మీద ఒక గుర్తు, ఆ గోడ మీద ఒక గుర్తు పెడతారు. వాటి మధ్య దూరమే ఆ అంకె. బిడ్డ తల కాస్త వాలుగా ఉన్నా, గుర్తు ఒకింత పక్కకు పడినా 9.8 కాస్తా 10.3 అవుతుంది. తల ఎంత పెరిగినా నాలుగో నెల నుంచి కాన్పు దాకా ఈ వెడల్పు పెద్దగా మారదు. అందుకే ఏ నెలలో చూసినా 10 మిల్లీమీటర్లే గీత. 12 దాకా స్వల్పం, 13 నుంచి 15 మధ్యస్థం, ఆపైన తీవ్రం.

స్వల్పంగా ఉండి, వేరే లోపం ఏదీ లేకపోతే, నూటికి 90 మందికి పైగా పిల్లలు మామూలుగానే ఎదుగుతారు. ఇందులో ఆయువుపట్టు "వేరే లోపం లేకపోతే" అన్న షరతు. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసమ్ ఏర్పడకపోయినా, డౌన్ సిండ్రోమ్ ఉన్నా, తల్లి నుంచి బిడ్డకు సైటోమెగలోవైరస్ సోకినా గదులు వెడల్పవుతాయి. అప్పుడు బిడ్డ ఎదుగుదల ఆ కారణాన్ని బట్టే ఉంటుంది. ఉమ్మనీటి పరీక్ష, ఎమ్మారై రాసేది ఆ కారణం వెతకడానికే. బ్రిటన్‌లో జరిగిన మెరిడియన్ అధ్యయనం 2017లో వెలువడింది. అందులో మెదడు లోపాలను అల్ట్రాసౌండ్ 68 శాతం సందర్భాల్లో సరిగ్గా గుర్తిస్తే, ఎమ్మారై తోడైనప్పుడు అది 93 శాతమైంది. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, ఆ భయం అక్కర్లేదు.

అయినా 20 వారాల మెదడు పైభాగం దాదాపు నున్నగానే ఉంటుంది. ముడతలు ఎక్కువగా పడేది ఆ తర్వాతి నెలల్లోనే. ఇంకా ఏర్పడని దాన్ని ఏ యంత్రం మాత్రం చూపిస్తుంది? ఒక్క అంకె చూసి ఆ రోజే గర్భం తీయించేసుకుందామనే తొందర నాకు చాలా బాధ కలిగిస్తుంది. పిండంలో తీవ్ర లోపమని తేలితే 24 వారాలు దాటాక కూడా మెడికల్ బోర్డు అనుమతించే వీలును 2021 నాటి చట్ట సవరణ కల్పించింది. పరీక్షలన్నీ పూర్తయ్యాకే నిర్ణయించుకోండి.

బిడ్డ పుట్టాక ఆ స్కాన్ కాగితాలు పారేయకండి. టీకాల కార్డుతో పాటు దాచి పిల్లల డాక్టరుకు చూపించండి. మెడ నిలపడం, బోర్లా పడడం, పిలిస్తే తిరిగి చూడడం, అత్త, తాత అనడం ఆలస్యమైతే, "మా ఇంట్లో అందరూ ఆలస్యంగానే మాట్లాడారు" అని సరిపెట్టుకోకుండా వెంటనే తీసుకెళ్లండి.